లెక్కకు రాని నాలుగు వందల గ్రాములు

మొదటి రోజు

బజారు ఆఫీసు నుంచి కొత్త ఆర్డరు వచ్చింది. అంకెలు ఒక్కటే చాలవట. ప్రతి కొట్టు యజమానీ రోజూ తన వ్యాపారం గురించి సొంత మాటల్లో కూడా రాయాలట. రాసింది కొట్టు ముందు బోర్డు మీద అందరికీ కనపడాలట. అంకెల్లో దాక్కున్నది మాటల్లో బయటపడుతుందని ఎవరో పరిశోధన చేసి తేల్చారట. మాటలేగా కావాల్సింది! మాటలకి మా కొట్టులో ఎప్పుడూ కొరత లేదు.

నా పేరు దొమ్మేటి వరహాలు. కాయగూరలు, ఆకుకూరలు అమ్ముతాను. రెండో చక్రంలో రైతు బజారు, పదిహేడో నంబరు కొట్టు. మా ఊరు కొత్త కోనసీమ, భూమి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. పదకొండు వేల మందిమి ఉంటాం. కింద నుంచి మూటలు వచ్చే రోజులు ఎప్పుడో పోయాయి. ఉన్న నీళ్లు, ఉన్న మట్టి, ఉన్న ఎరువే తిప్పుకుంటూ బతుకుతాం. ఇవాళ నేను అమ్మిన బీరకాయ తొక్క వచ్చే నెల తోటకూరై మళ్ళీ నా గంపలోకే వస్తుంది. అందుకే ఇక్కడ రూపాయి పోతే పట్టించుకోరు గానీ గ్రాము పోతే ఊరంతా అడుగుతారు.

అడగడానికి ప్రతి కొట్టులోనూ ఒక యంత్రం ఉంటుంది. గోడకి ఒక కన్ను, ఒక గొంతు, ఒక ఎర్ర దీపం. దాని అసలు పేరు బాధ్యతా వెల్లడి గణనా రూపకం. అంత పేరు పెట్టి పిలిచేలోపు బెండకాయలు ముదిరిపోతాయి కాబట్టి మొదటి అక్షరాలు ఏరుకుని మేమంతా బావగారు అంటాం. వచ్చేది, పోయేది అన్నీ చూస్తాడు, అన్నిటికీ ఒక మాట అంటాడు. పేరు బాగానే కుదిరింది.

ఇరవై ఒకటో రోజున నా కొట్టు పట్టా కొత్తది చేయించుకోవాలి. ఈలోగా బావగారు మూడు సందేహం ముద్రలు వేస్తే పట్టా ఉండదు, కొట్టు ఉండదు. ఈ పదిహేడో నంబరు కోసం ఎనిమిదేళ్లు వరుసలో నిలబడ్డాను. కాబట్టి బుద్ధిగా, ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఇవాళ వంకాయలు నవనవలాడుతున్నాయి. రండి.

*బావగారి వ్యాఖ్య: ఉత్సాహం డెబ్బై ఒక్క పాళ్లు. ఇంత సంతోషంగా రాసే వ్యాపారులు ఏదో దాస్తున్నారని పూర్వానుభవం. గమనిస్తున్నాం.*

రెండో రోజు

సంతోషం తగ్గించి రాస్తున్నాను. వంకాయలు ఉన్నాయి. బెండకాయలు కూడా ఉన్నాయి. ఏం ఉంటే ఏం లాభం.

*బావగారి వ్యాఖ్య: నిరాశ అధికం. కొట్టు మూతపడే సూచనలా? గమనిస్తున్నాం.*

మూడో రోజు

సంతోషమూ ఏడుపూ రెండూ వద్దనుకుని, ఇవాళ జాగ్రత్తలు మాత్రం రాశాను. వ్యాపారంలో రాబోయే ప్రమాదాలు ముందే చెప్పాలని రూలు కదా. "మా సరుకు మూడు రోజుల్లో వాడిపోవచ్చు. లోపల పురుగు ఉండవచ్చు. ఉప్పు నీళ్లలో కడిగి, బాగా ఉడికించి తినగలరు." బావగారు మెచ్చుకున్నాడు.

పక్క కొట్టు అచ్యుతం బాబాయ్‌ది. నూలు, దారాలు తూకానికి అమ్ముతాడు. రాయడమంటే బద్ధకం. నా బోర్డు చూసి పేరు మాత్రం మార్చి దించేశాడు. "మా నూలు మూడు రోజుల్లో వాడిపోవచ్చు. లోపల పురుగు ఉండవచ్చు. ఉప్పు నీళ్లలో కడిగి, బాగా ఉడికించి తినగలరు."

మధ్యాహ్నం కొత్తగా కాపురానికి వచ్చిన ఒక అమ్మాయి ఆ బోర్డు రెండుసార్లు చదివి, "ఎన్ని విజిల్సు రావాలండీ?" అని అడిగింది.

"ఇదేంటి బాబాయ్, బావగారు నిన్నేం అనలేదా?" అన్నాను.

"అనకపోడమేంటే, నూటికి నూరు వేశాడు. పక్క కొట్టుతో పోల్చి చూసుకోడానికి వీలుగా ఉందంట నా వెల్లడి. ఆయ్!"

నాలుగో రోజు

కొత్త తక్కెడ వచ్చింది. బజారులో అందరికంటే ముందు నాకే ఇచ్చారు. పాతది ఐదు గ్రాముల లోపు కళ్లు మూసుకునేది, దాన్ని చూసి బావగారూ మూసుకునేవాడు. ఇది మెంతి గింజ పడినా చెబుతుంది. పసుపు రాసి బొట్టు పెట్టాను. నా తక్కెడ మీద ఇన్నేళ్లలో ఒక్కరు మాట అనలేదు, ఇక అనలేరు కూడా అని మురిసిపోతున్నానా, సాయంత్రం బావగారు గొంతు సవరించుకున్నాడు.

"వ్యాపారి గారూ, ఈ రోజు మీకు వచ్చిన సరుకు ముప్పై ఎనిమిది కిలోలు. అమ్మినది ముప్పై ఆరు కిలోల నూట ఎనభై ఎనిమిది గ్రాములు. గంపల్లో మిగిలినది కిలో నాలుగు వందలు. నాలుగు వందల పన్నెండు గ్రాములు ఎక్కడికి వెళ్లాయి?"

"కొసరు బావగారూ."

"కొసరు అనగానేమి?"

"తూకం అయ్యాక వేసేది. గుప్పెడు కరివేపాకో, నాలుగు మిరపకాయలో."

"తూకంలోనే ఎందుకు వేయరు?"

"తూకంలో వేస్తే అది కొసరెలా అవుతుందండీ?"

"అడిగితే ఇస్తారా, అడగకుండా ఇస్తారా?"

"అడిగితే ముందు విసుక్కుంటాను, తర్వాత ఇస్తాను. అడక్కపోతే బాగోదని నేనే ఇస్తాను."

"ఎంత?"

"చేతికి వచ్చినంత."

"చేతికి ఎంత వస్తుంది?"

"అది ఎదుటి మనిషిని బట్టి వస్తుందండీ."

బావగారు పదకొండు క్షణాలు మాట్లాడలేదు. ఆయన అంతసేపు ఆలోచించడం నేనెప్పుడూ చూడలేదు, జాలేసింది. చివరికి చెప్పాడు. పత్రంలో అలాంటి వరుస లేదట. అమ్మకం కాకుండా బయటికి వెళ్లే సరుకుకి నాలుగే దారులట: పాడైనది, దొంగతనం, దానం, తూకం తేడా. ఏదో ఒకటి ఎంచుకోమన్నాడు. నాలుగోదాని వైపు నేను కన్నెత్తి కూడా చూడలేదు. మిగతా మూడింటిలో ఏదో తేల్చుకోలేక వదిలేశాను.

ఎర్ర దీపం వెలిగింది. ఒకటో సందేహం ముద్ర.

ఐదో రోజు

పాడైనది అని రాశాను. గంట తిరక్కుండా ఆరోగ్య శాఖ మనిషి ముక్కుకి గుడ్డ కట్టుకుని దిగింది. పాడైన కరివేపాకు జనానికి పంచుతున్నావా అని కొట్టు చుట్టూ పసుపు రిబ్బను కట్టేసింది. గనిశెట్టి తాతగారు నా మొదటి బేరం, ఎనభై రెండేళ్లు ఉంటాయి, గాలి పంపుల మేస్త్రిగా చేసి రిటైరయ్యారు. పాపం ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, నాలుక చాపమని టార్చి వేసి చూసింది.

"నాలుక బాగానే ఉందమ్మా," అన్నారాయన, "రుచే, కిందటేడాది నుంచి తెలవట్లేదు."

రిబ్బను విప్పించేసరికి సాయంత్రమైంది.

ఆరో రోజు

దొంగతనం అని రాశాను. ఇద్దరు గార్డులు వచ్చి బజారు గుమ్మంలో నిలబడి అందరి సంచులూ వెతికారు. బిల్లులో లేని మూడు పచ్చిమిరపకాయలతో గనిశెట్టి తాతగారు దొరికారు. ఇటు నుంచి నేను "ఆయన కాదండీ, ఆయన కాదండీ" అని అరుస్తున్నాను. "ఆయన కాకపోతే ఎవరు?" అని వాళ్లు నన్నే అడుగుతున్నారు.

తాతగారు నా మీద విరుచుకుపడ్డారు. "ఈ వయసులో నన్ను దొంగని చేసేవే వరాలూ! అదీ మూడు మిరపకాయలకి! కనీసం గుమ్మడికాయైనా రాయకపోయేవా, కాస్త పరువుగా ఉండేది!"

ఎనిమిదో రోజు

ఇక మిగిలింది దానం. దానికి రూలు ఏమిటంటే, ఎవరికి ఇచ్చావు, ఎన్ని గ్రాములు, మీ ఇద్దరికీ సంబంధం ఏమిటి, ఎందుకు ఇచ్చావు, అన్నీ బోర్డు మీద పేరుపేరునా చెప్పాలి. పోనీలే, దాచడానికి ఏముంది అనుకున్నాను. బావగారు అడుగుతూ ఉంటే చెప్పుకుంటూ పోయాను. సాయంత్రం బోర్డు మీద ఇలా పడింది:

*గనిశెట్టి వారు. పద్నాలుగు గ్రాములు. సంబంధం: మొదటి బేరం. కారణం: దొంగని చేసినందుకు.*

*నూలు అచ్యుతం. పదకొండు గ్రాములు. సంబంధం: పక్క కొట్టు బాబాయ్. కారణం: తనే తీసుకున్నాడు.*

*వీరవేణి పిన్ని. ఆరు గ్రాములు. సంబంధం: ఎదురింటి పిన్ని. కారణం: తిట్టింది.*

ఇలా నలభై మూడు పేర్లు. ఇది జరిగిన పావుగంటకి వీరవేణి పిన్ని నడుముకి కొంగు బిగించుకుని వచ్చింది. ఇరవై ఏళ్లుగా నా దగ్గరే కొంటుంది. చిక్కుడుకాయ కూడా రెండుగా విరిచి చూడందే సంచిలో వేసుకోదు.

"ఏమే వరాలూ, ఆ నూలాయనకి పదకొండు, నాకు ఆరా?"

"చూసి వేశానా పిన్నీ, చేతికి వచ్చింది వేశాను."

"నీ చేతికి నా దగ్గరికొచ్చేసరికే పక్షవాతం వస్తదేంటే? ఇరవై ఏళ్లు! ఇరవై ఏళ్ల నుంచీ ఆరు గ్రాములతో సరిపెట్టేసావన్నమాట. బోర్డు మీద పడ్డాది కాబట్టి తెలిసింది గానీ!"

"రోజూ ఆరు కాదు పిన్నీ, మొన్న ఎంత వేశానో..."

"మొన్నటిది బోర్డు మీద లేదు కదా!"

ఆమె వెనక ఇంకో పది మంది. ఆరు గ్రాములవాళ్లంతా ఒక పక్క, పది దాటినవాళ్లంతా ఒక పక్క చేరారు. నిన్నటిదాకా ఒకరి సంచి ఒకరు పట్టుకున్నవాళ్లే. ఈ గొడవలో బావగారు పైనుంచి, "సంబంధిత వ్యక్తులకు అధిక ప్రయోజనం కలిగినట్లు కనపడుతున్నది" అని ఇంకో చెంబెడు నూనె పోశాడు.

"చూసేవా, ఆయన కూడా అంటున్నాడు!" అంది పిన్ని. ఇన్నాళ్లూ ఆ యంత్రాన్ని తిట్టని రోజు లేదు ఈవిడ.

పదో రోజు

తెల్లారగానే పది గ్రాముల చొప్పున కరివేపాకు పొట్లాలు కట్టాను. ఎవరొచ్చినా ఒకటి. హెచ్చు లేదు, తగ్గు లేదు. మొదటి పొట్లం వీరవేణి పిన్నికే ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేంటి?"

"కొసరు పిన్నీ. అందరికీ సమానం."

"రేషనా?" అని సంచిలో వేసుకుంది. వేసుకుని కదలదు. సంచి తెరిచే పట్టుకుని ఉంది.

"ఇంకేం కావాలి పిన్నీ?"

"పొట్లం ఇచ్చేవు. బాగానే ఉంది. కొసరెయ్యి మరి."

సాయంత్రం లెక్క చూస్తే పొట్లాలన్నీ అయిపోయాయి. వాటిమీద ఇంకో నాలుగు వందల గ్రాములు పోయింది. కొలిచి ఇచ్చిన పొట్లాలు అమ్మకం కిందకే వస్తాయని, ఆ పైన పోయినదానికి మళ్ళీ వివరణ కావాలని బావగారు అన్నాడు. రెండో సందేహం ముద్ర పడింది. ఇంకొక్కటి పడితే ఇంటికే.

పన్నెండో రోజు

పెద్ద ఆఫీసు నుంచి ఆడిటరమ్మాయి వచ్చింది. విస్సా మృణాళిని. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. వెల్లడి పత్రాల మీదే పరిశోధన చేస్తుందట. కొట్టు ముందు నిలబడి, నేను రాసినవన్నీ చదువుకుంటూ ఒకటే నవ్వు.

"వరహాలు గారూ, ఉద్యోగంలో చేరి ఆరేళ్లయింది. మొదటి నుంచి చివరి దాకా నేను చదివిన పత్రం ఇదొక్కటేనండి."

"మిగతావి చదవరా అమ్మా?"

"పెద్ద కంపెనీల పత్రాలు వాళ్ల బావగార్లు రాస్తారండి, మా బావగార్లు చదువుతారు. మధ్యలో మేం సంతకం పెడతాం."

"మరి దేనికి రాయడం?"

"అదేనండి నా పరిశోధన."

స్టూలు వేసి కూర్చోబెట్టాను. వద్దన్నా టీ ఇచ్చాను. మూడు రోజులు ఉండి ప్రతి కొసరూ లెక్క వేస్తుందట. బావగారు కూడా ఆవిడ దగ్గర కాస్త అణిగిమణిగి ఉంటున్నాడు.

పద్నాలుగో రోజు

ఆడిటరమ్మాయి లెక్క తేల్చింది. నా గుప్పెడు నాలుగు గ్రాముల నుంచి పంతొమ్మిది గ్రాముల దాకా ఉందట. బేరమాడినవాళ్లకి ఎక్కువ వస్తోందట. తిట్టినవాళ్లకి మొదట తగ్గి, గట్టిగా తిడితే పెరుగుతోందట. ఇంట్లో ఎవరికైనా జ్వరం అని చెప్పినవాళ్లకి అన్నిటికన్నా ఎక్కువట. గీతలు గీసి చూపించింది. పైకి కిందకి పోతూ నా చీర అంచులా ఉంది.

"మీకు తెలిసే వేస్తున్నారాండి?"

"తెలిస్తే చెయ్యి ఆగిపోతుందమ్మా."

అది కూడా రాసుకుంది.

ఆవిడ టీకి లేచినప్పుడు అచ్యుతం బాబాయ్ నా చెవి దగ్గరికి వచ్చాడు. "పిచ్చి వరాలూ, తూకం తేడా అని రాసి పారెయ్యవే. నూటికి రెండు పాళ్ల దాకా వాడేం అనడు. బజారులో కొసరిచ్చేవాళ్లంతా అలాగే రాస్తారు. పప్పుల కొట్టు, బెల్లం కొట్టు, నేను, అందరం. రెండు వందల పదకొండు కొట్లు! నువ్వొక్కదానివే సత్యహరిశ్చంద్రుడిలా కొసరు కొసరు అని కూర్చున్నావు."

ఇదన్నమాట సంగతి. ఇన్నాళ్లూ వాళ్ల పత్రాలన్నీ శుభ్రంగా ఎలా ఉంటున్నాయా అనుకున్నాను. సాయంత్రం కూర్చుని తూకం తేడా అని రాయబోయాను. వేలు ఆ మీట దాకా వెళ్లి ఆగిపోయింది. బొట్టు పెట్టిన తక్కెడ ఎదురుగా ఉంది. దాని తప్పేమీ లేదు. రాయలేను. బాబాయ్ మాత్రం ఎంతో తేలిగ్గా చెప్పాడు, రెండు వందల పదకొండు కొట్లూ అదే పని చేస్తున్నాయని.

పదిహేనో రోజు

అయ్యో. అయ్యయ్యో.

నిన్న రాసింది బోర్డు మీద పడుతుందన్న సంగతే మరిచిపోయాను. టకటకా కొట్టేసి ఇంటికి వెళ్లిపోయాను. పొద్దున్న వచ్చేసరికి బోర్డు ముందు జాతరలా ఉంది. నాది తప్ప మిగతా రెండు వందల పదకొండు కొట్లకీ నోటీసులు వెళ్లాయి, తూకం తేడా మీద సంజాయిషీ చెప్పమని. అచ్యుతం బాబాయ్‌ది అన్నిటికన్నా పెద్ద నోటీసు. పేరు పెట్టి మరీ రాశాను కదా.

"వెల్లడించమన్నారని ఇంత వెల్లడించెయ్యాలా ఏంటే?" అన్నాడు. కోపంగా అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా అన్నాడు.

కొసరు లెక్క మీద నా విచారణ ఇరవయ్యో రోజున. అందరి నోటీసులూ ఆ రోజే తేలుస్తారట.

పదిహేడో రోజు

మొత్తం అమ్మకం మూడు కిలోలు. బజారు మొత్తానికీ నోటీసులు తెప్పించానని పాతవాళ్లు రావడం మానేశారు, కొన్నవాళ్లంతా కొత్తవాళ్లే. తూచింది తీసుకుని వెళ్లిపోయారు. ఎవరూ సంచి తెరిచి పట్టుకోలేదు. వీరవేణి పిన్ని నా కొట్టు ముందు నుంచే మొహం తిప్పుకుని వెళ్లి అవతలి వరుసలో కొనుక్కుంది. అక్కడ చిక్కుడుకాయలు విరిచి చూడను కూడా లేదట.

సాయంత్రం బావగారు చెప్పాడు. "వచ్చినది, అమ్మినది, మిగిలినది సరిపోయాయి. తేడా సున్నా. అభినందనలు."

నా కొట్టు లెక్క ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. ఏడుపొచ్చింది.

ఇరవయ్యో రోజు

విచారణ పొద్దున్నే. బజారు ఆఫీసు హాలు నిండిపోయింది. మా కొట్లవాళ్లంతా ఒక పక్క, కొనేవాళ్లు ఇంకో పక్క. బల్ల వెనక పెద్ద ఆడిటరు గారు, పక్కన మృణాళిని. గోడ మీద పెద్ద బావగారు. మా కొట్లలో ఉన్నవన్నీ ఈయన తమ్ముళ్లే.

పెద్ద ఆడిటరు గారు మంచిగానే మాట్లాడారు. "చూడండి వరహాలు గారూ. మీ తక్కెడలో కొంచెం తేడా ఉందని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి. మీ పట్టా ఇప్పుడే ఇస్తాను. తూకం తేడా నిజమేనని తేలినట్టు కాబట్టి మిగతా నోటీసులు కూడా కొట్టేస్తాను. అందరూ ఇళ్లకి పోవచ్చు."

రెండు వందల పదకొండు మంది నా మొహం వైపు చూస్తున్నారు. అచ్యుతం బాబాయ్ రెండు చేతులూ జోడించాడు. కలం తీసుకున్నాను. నాకూ కొట్టు కావాలి, ఎనిమిదేళ్లు నిలబడి తెచ్చుకున్నది. కానీ చెయ్యి కదల్లేదు.

"నేను సంతకం పెట్టలేనండి."

హాలంతా ఉస్సురంది.

"ఎందుకమ్మా? ఒక్క ముక్కేగా!" అన్నారాయన.

"నా తక్కెడ తప్పయితే, నేనిచ్చింది కొసరెలా అవుతుందండీ? తక్కువ తూచి, ఆ తక్కువ తిరిగిచ్చినట్టు అవుతుంది. బాకీ తీర్చినట్టు. తూకం నిక్కచ్చిగా తూచాక, ఇవ్వక్కర్లేనిది ఇస్తేనే అది కొసరు. మీరు నా కొట్టు తీసుకోండి. తక్కెడని మాత్రం ఏమీ అనొద్దు."

కలం బల్ల మీద పెట్టేశాను.  కొనేవాళ్ల వైపు నుంచి ఒక గొంతు లేచింది.

"దాని తక్కెడలో తేడా ఉందన్నవాడెవడు? నా ఎదురుగా అనమనండి!" వీరవేణి పిన్ని! "ఇరవై ఏళ్లు కొన్నాను. దాని నోటికి తేడా ఉంది, ఒప్పుకుంటాను. దాని గుప్పెటకి ఉంది. తక్కెడకి లేదు!"

"మరి ఆరు గ్రాములని గొడవ చేశారుగా?" అన్నారు పెద్ద ఆడిటరు గారు పత్రం చూసి.

"అది మాకూ మాకూ ఉన్నదండీ. మీకెందుకు?"

మృణాళిని అప్పుడు లేచింది. "అయ్యా, ఒక సంగతి చూడండి. కొసరుగా పోయిన కరివేపాకు ఊరు దాటి పోదు. తొక్కలతో, ఎరువుతో అంతా తోటకే వస్తుంది. గత పదేళ్ల ఊరి మొత్తం లెక్క తీశాను, సరిపోయింది. అంటే కొసరు వల్ల ఊరికి పోయిందేమీ లేదు. ఎంత, ఎవరికి, ఎందుకు అని అడగడం మొదలుపెట్టాకే బజారు పాడైంది. కొనేవాళ్లకి తెలియాల్సింది ఒక్కటే. ఈ కొట్టులో కొసరు ఉందా, లేదా? ఆ ఒక్క వరుస పత్రంలో చేరిస్తే చాలండి. అంకె అక్కర్లేదు."

పెద్ద ఆడిటరు గారు తల అడ్డంగా ఊపారు. "పత్రానికి నలభై వరుసలు అమ్మా. ఊరు కట్టిననాడే రాసుకున్నారు. నలభై ఒకటి చేసే అధికారం నాకే కాదు, ఎవరికీ లేదు."

"నలభయ్యీ నిండుగా వెయ్యండి. గీత కొట్టెయ్యండి. ఆ గీత కింద ఇదొక్కటి వెయ్యండి," అంది మృణాళిని. "కొసరుగా."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు.

"అర వరుస ఇస్తాను," అన్నారు చివరికి.

"అరేంటండీ బాబూ!" అచ్యుతం బాబాయ్ ముందుకి దూకాడు. "ఇంతమందిమి వస్తే అరా? నిండుగా వెయ్యండి!"

"చెయ్యి జాడించండి సార్!" అన్నారు బెల్లం కొట్టువాళ్లు.

"మా మొహాలు చూసైనా వెయ్యండి!" అంది వీరవేణి పిన్ని.

"ఏంటండీ ఈ బేరం, నేను ఆడిటర్ని!" అని ఆయన విసుక్కున్నారు. విసుక్కుంటూనే గీత కింద ఒక వరుస నిండుగా రాశారు.

గోడ మీద పెద్ద బావగారు పదకొండు క్షణాలు కాదు, ముప్పై క్షణాలు ఆలోచించాడు. "ఈ వరుస నియమం ప్రకారం పత్రంలో లేదు," అన్నాడు. "పత్రం బయట ఉన్నదానికి అభ్యంతరం చెప్పే అధికారం నాకు లేదు."

నోటీసులన్నీ కొట్టేశారు. నా రెండు ముద్రలూ తుడిచేశారు.

ఇరవై ఒకటో రోజు

పట్టా వచ్చింది. పసుపు కాగితం మీద పదిహేడో నంబరు, దొమ్మేటి వరహాలు.

కొట్టు తెరిచి గంట కాలేదు, వీరవేణి పిన్ని వచ్చింది. ఏమీ జరగనట్టే చిక్కుడుకాయలు విరిచి చూడటం మొదలెట్టింది. పావు కిలో తూచాను. సంచిలో పోశాను. పిన్ని సంచి మూయలేదు.

"పొద్దున్నే మొదలెట్టావా పిన్నీ? ఎవరు పండిస్తున్నారనుకున్నావు ఇదంతా!" అని విసుక్కుని గుప్పెడు కరివేపాకు వేశాను.

బావగారు గొంతు సవరించుకున్నాడు. "వ్యాపారి గారూ, గీత కింది వరుస. కొసరు ఉందా, లేదా?"

నేను నోరు తెరిచేలోపు పిన్ని సంచిలోకి తొంగి చూసి, "ఇదా? ఇదేం కొసరు? లేదని రాసుకో బావా!" అంది.

"పిన్నీ!"

"లేదని రాస్తాడు. బోర్డు మీద పడతది. నీ ఇష్టం."

ఇంకో గుప్పెడు వేశాను. రెండు మిరపకాయలు కూడా వేశాను. సంచి వంక చూసింది, నా వంక చూసింది, గోడ వంక చూసింది.

"ఉంది," అని చెప్పి, సంచి మూసుకుని వెళ్లిపోయింది.